నా నోట్లో పావురం ఈక

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను లేచి అంట్లు తోముకోవడానికి వెళ్ళిపోయేదాన్ని. భయపడి కాదు, విసుగు పుట్టి. మా అమ్మకు ఇవన్నీ పట్టింపు. పిల్లకు జ్వరమొస్తే గాలి సోకిందనేది, అన్నం సయించకపోతే దిష్టి తగిలిందనేది. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసి, "చూశావా, ఘాటే రాలా, ఎంత దిష్టో" అనేది. ఆ ఘాటుకి పక్కనే నేను ఊపిరాడక దగ్గుతుండేదాన్ని.

అట్లాంటి నేను ఇది రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు చెప్తాను. చెప్పుకోవడానికి రోతగా ఉన్న సంగతి ఒకటుంది, అది కూడా చెప్తాను.

నా పేరు కోటేశ్వరి. పిడుగురాళ్లలో హైవేకి దగ్గరగా మాకు చిన్న కర్రీ పాయింట్ ఉంది. మా ఆయన సున్నపురాయి లారీలు తూచే కాటా దగ్గర పని చేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల దాకా తెల్లగా ఉంటాడు. పదకొండేళ్లుగా రోజూ నాలుగు కూరలు, పప్పు, సాంబారు, రోటి పచ్చడి నా చేతుల మీదుగా వెళ్తున్నాయి. సంచి మూతి విప్పగానే కందిపప్పు ముక్కిందో లేదో చెప్పగలను. పెరుగు ఎప్పుడు తోడుపెట్టారో నాలుక మీద వేసుకుని చెప్పగలను. గొప్పకు చెప్పడం లేదు. నా నాలుక లేనిది ఉన్నట్టు ఊహించుకునే నాలుక కాదని తెలియడానికి చెప్తున్నాను.

మాకు ఒక్కతే కూతురు, హారిక. పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం. ఖోఖో ఆడుతుంది. దాని క్లాసులోనే శిరీష అని ఇంకో పిల్ల. వాళ్ళది దుర్గి. నాన్న రాతి శిల్పాలు చెక్కుతాడు. ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లోనే తిండి. దోసకాయ పప్పు పెడితే గిన్నె నాకి పెట్టేది.

నిరుడు చలికాలంలో ఇద్దరూ రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యారు. ఉత్తరాదిన ఒక ఊళ్ళో జాతీయ పోటీలు. ఆ ఊరి పేరు రాయను. రైల్లో రెండు రాత్రుల ప్రయాణం. అప్పటిదాకా హారిక నన్ను వదిలి ఒక్క రోజు కూడా ఉండలేదు. గుంటూరు పోటీలకు వెళ్ళినా సాయంత్రానికి ఇల్లు చేరేది.

జట్టులో పన్నెండు మంది, వెంట పీఈటీ మేడం. పన్నెండు మందిలో తొమ్మిది మందే ఆటలోకి దిగుతారు. శిరీష ఆ తొమ్మిది మందిలో ఉంది. హారిక లేదు. ఎవరికైనా దెబ్బ తగిలితే దిగాలి. దానికేమీ బాధ లేదు. "వెళ్తున్నా గదా మా, చాలు" అంది. బాధపడింది నేను. అంత దూరం పంపించి, అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టడానికా అని మా ఆయన దగ్గర రెండు మూడుసార్లు అన్నాను కూడా. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

రైలెక్కించడానికి విజయవాడ వెళ్ళాం. శిరీష వాళ్ళమ్మ సామ్రాజ్యం కూడా దుర్గి నుంచి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. నన్ను అక్కా అంటుంది. పిల్లలకని గుడ్డ సంచి నిండా జంతికలు తెచ్చింది. రైలు కదిలాక నా చెయ్యి పట్టుకుని, "ఇద్దరూ ఒకచోటే ఉంటారు గదక్కా, నాకింక దిగుల్లేదు" అంది.

నాకు మాత్రం దిగులే. స్టేషన్ స్టేషన్‌కీ ఫోన్ చేశాను. మంగళవారం సాయంత్రం చేరామని చెప్పింది. ఏదో స్కూలు బిల్డింగులో, ఒక తరగతి గదిలో పరుపులు వేశారట. చలి అదిరిపోతోందట. దాని గొంతులో హుషారు విన్నాక నాకు తృప్తిగా నిద్రపట్టింది.

బుధవారం ఉదయం ఏడింటికి, ఎప్పటిలాగే పొయ్యి వెలిగించే ముందు గ్లాసుడు నీళ్ళు తాగబోయాను. మొదటి గుక్కకే ఉమ్మేశాను.

ఆ రుచి ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. చేదు కాదు, ఉప్పు కాదు. కొంచెం తియ్యగా, జిగురుగా ఉంది. పూల కుండీ కింద పళ్ళెంలో వారాల తరబడి నిలిచిన నీళ్ళలో ఏదో చచ్చి నానితే వచ్చే కంపు. అది ముక్కుతో పీల్చిన కంపు కాదు, నాలుక మీద ఉన్న కంపు. గోడ పట్టుకుని నిలబడ్డాను. డోకు మీద డోకు.

క్యాన్ నీళ్ళు పాడయ్యాయనుకున్నాను. మా ఆయన తాగి చూశాడు. బాగానే ఉన్నాయన్నాడు. కొత్త క్యాన్ తెప్పించాను. అదే రుచి. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు పట్టి చూశాను. అదే. నీళ్ళు కాచి తాగాను. వేడికి ఇంకా ఎక్కువైంది, నాలుక వెనక్కి అంటుకున్నట్టు అయ్యింది. కాఫీ అదే. మజ్జిగ అదే. అన్నం మెతుకు, కూర ముక్క నోట్లో పెట్టుకుంటే మామూలుగా ఉన్నాయి. తడిగా జారేది ఏది తాగినా అదే కుళ్ళు.

తొమ్మిదింటికి సాంబారు దించి రుచి చూశాను. గిన్నెడు సాంబారూ కాలవలో పోయించాను. నాతో పదేళ్ల నుంచి పని చేసే మార్తమ్మ, అరవై దాటిన మనిషి, గరిటె పట్టుకుని నన్ను చూస్తూ నిలబడింది.

"ఏందమ్మా ఇది, బంగారం లాంటి సాంబారు. నేను తాగలా? ఏం కాలా నాకు."

"కంపు కొట్టడంలా నీకు?"

"ఇంగువ వాసనే వస్తంది. నీకు పైత్యం చేసినట్టుంది. పోయి పండుకో."

పడుకోలేదు. ఇల్లంతా వెతికాను. ఎలక చచ్చిందేమోనని బియ్యం డబ్బాల వెనకా, అటక మీదా, ఫ్రిజ్ కిందా చూశాను. ట్యాంకు మూత తీయించాను. నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. ఉప్పుతో, బొగ్గుతో, వేపపుల్లతో మూడుసార్లు పళ్ళు తోముకున్నాను. చివరికి నీళ్ళు పుక్కిలించి ఉమ్మినప్పుడు నాలుక కింద ఏదో తగిలింది.

వెంట్రుక అనుకున్నాను. వేలు పెట్టి లాగాను. వెంట్రుక కాదు. వేలెడు కూడా లేదు, బూడిద రంగు, మెత్తటి నూగులాంటి ఈక. తడిసి, చివర్లు అతుక్కుపోయి ఉంది. మొదలు దగ్గర జిగురు.

అరిచానట. మార్తమ్మ పరుగెత్తుకొచ్చింది. నా అరచేతిలో ఉన్నది చూసి ముందు తేలిగ్గా తీసుకుంది. కోడిదేమో అన్నాను నేనే. మేము కొనేవి బ్రాయిలర్ కోళ్ళు, శుభ్రం చేసి ముక్కలు కొట్టించి తెస్తారు, పైగా బుధవారం మాంసం వండం. ఆమె దాన్ని వెలుతురుకి పట్టి చూసింది.

"ఇది కోడిది కాదమ్మా. పావరాయిది."

దాన్ని కాగితంలో చుట్టి కిటికీలో పెట్టాను, మా ఆయనకు చూపించాలని. మధ్యాహ్నం దాహానికి ఆగలేక కళ్ళు మూసుకుని రెండు గుక్కలు మింగబోయాను. ఈసారి ఈక అంగిట్లో అంటుకుంది. దగ్గి, కక్కి తీశాను. అదే రంగు. వాంతిలో పచ్చటి నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ రోజు అంగడి మూసేశాం.

మా ఆయన నాలుగింటికి వచ్చాడు. కిటికీలో కాగితం విప్పి చూశాడు. ఊళ్ళో పావురాలు లేవా, రేకుల మీద కూర్చుంటాయి, గాలికి ఎగిరొచ్చి గ్లాసులో పడి ఉంటుంది అన్నాడు. ఆయన చెప్పింది సబబుగానే ఉంది. నేను కూడా అట్లాగే అనుకుందామని చూశాను. ఆయనే వెళ్ళి షాపు నుంచి సీల్ ఉన్న నీళ్ళ సీసా తెచ్చాడు. నా ముందే మూత తిప్పాడు, సీల్ తెగిన చప్పుడు విన్నాను. స్టీలు గ్లాసు వద్దని గాజు గ్లాసు కడిగి, తుడిచి, వెలుతురులో నీళ్ళు పోశాడు. ఇద్దరం చూశాం. అందులో నలకైనా లేదు.

"ఇంక అనుమానం లేదు గదా? తాగు."

తాగాను. మింగలేదు. నోరు తెరిచి చూపించాను. నా నాలుక మీదున్న ఈకను ఆయనే తన వేళ్ళతో తీశాడు. తీసి, ఆ వేళ్ళు లుంగీకి తుడుచుకున్నాడు. ఇది రాసేటప్పుడు ఆయన పక్కనే ఉన్నాడు. నన్ను సాక్షిగా పెట్టి రాసుకో, నేను చూసింది చూశానన్నాడు.

అప్పటిదాకా నాకు హారిక గుర్తుకే రాలేదు. నా నోరు, నా కడుపు, ఇదే గోల. మంచం మీద కూర్చున్నాక, పిల్ల గొంతు వింటే బాగుంటుందని ఫోన్ చేశాను. అప్పుడు అయిదు కావస్తోంది.

"ఏంది మా? ఇప్పుడే ప్రాక్టీసు నుంచి వచ్చాం" అంది రొప్పుతూ. "ఉండు, నీళ్ళు తాగి మాట్లాడతా."

ఫోను దాని చెవి దగ్గరే ఉంది. గుటక వినిపించింది. ఇంకో గుటక. రెండో గుటకకి నా నోరు నిండిపోయింది. నేను ఏమీ తాగలేదు. గ్లాసు నా దగ్గర లేదు. చల్లటి, జిగురు, కుళ్ళు నీళ్ళు నా బుగ్గల్లో నిండి పెదాల చివర్ల నుంచి గడ్డం మీదికి కారాయి.

"తాగొద్దు!" అని అరిచాను.

"ఏందమ్మా?"

"ఆ నీళ్ళు తాగొద్దు. పారబొయ్యి. ఎక్కడియ్యి అయ్యి?"

"ఇక్కడ కుళాయియ్యే. పైన ట్యాంకులోంచి వస్తయ్. బాగానే ఉన్నయ్ మా, కొంచెం బ్లీచింగ్ వాసన, అంతే."

"ఇంక ఒక్క చుక్క నోట్లో పొయ్యమాక. సీసాలు కొనుక్కో. పళ్ళు తోమినా సీసా నీళ్ళే. నా మీద ఒట్టెయ్యి."

నా గొంతు విని భయపడ్డట్టుంది, ఎదురు చెప్పలేదు. "సరే మా, ఒట్టు. శిరీషకి గూడా చెప్తా. మేడంకి చెప్పనా?"

నేను ఆగాను. ఎంతసేపో కాదు, రెండు మూడు క్షణాలు.

"వాళ్ళ సంగతి నీకెందుకు? నీ సంగతి నువ్వు జూసుకో. ఎవరికీ చెప్పమాక."

ఇదే నేను అన్న మాట. ఎందుకన్నానో తర్వాత నాకు నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. చెప్తే నవ్వుతారు. పిచ్చిది అంటారు. పిల్లను ఏడిపిస్తారు. పీఈటీ మేడం నంబరు నా ఫోన్లో ఉంది, చేసి ఏమని చెప్పాలి, నా నోట్లో పావురం ఈకలొస్తున్నాయనా? అన్నీ నిజమే. కానీ ఆగిన ఆ రెండు మూడు క్షణాల్లో నా మనసులో కదిలింది ఇవేమీ కాదు. తొమ్మిది మంది, పన్నెండు మంది అన్న లెక్క కదిలింది. ఆ ఆలోచన రాలేదని చెప్పుకోవడానికి చాలా రోజులు ప్రయత్నించాను. వచ్చింది.

హారిక ఒట్టేసిన మరుక్షణం నా నోరు శుభ్రమైపోయింది. మా ఆయన పోసిన గ్లాసులో మిగిలిన నీళ్ళే తాగాను. మామూలు నీళ్ళు. వరసగా మూడు గ్లాసులు తాగాను. అంత తియ్యటి నీళ్ళు జన్మలో తాగలేదనిపించింది. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. గురువారం అంగడి తెరిచి రోజంతా పని చేశాను, మార్తమ్మతో నవ్వుతూ మాట్లాడాను. ఆ గురువారమంతా అక్కడ పదకొండు మంది ఆడపిల్లలు ఆ నీళ్ళే తాగుతున్నారు. నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

శుక్రవారం పదకొండింటికి హారిక ఫోన్ చేసింది.

"అమ్మా, నన్ను ఆడిస్తన్నరు! శిరీష లెయ్యలేకపోతంది, పొద్దున్నుంచి ఒకటే వాంతులు, విరేచనాలు. ఇంకో ఇద్దరిగ్గూడా. నేను దిగుతున్నా మా!"

నాకు సంతోషం వేసింది. దాచి లాభం లేదు. ముందు సంతోషమే వేసింది. "బాగా ఆడు తల్లీ" అన్నాను. ఫోన్ పెట్టేశాక చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాను. కుళాయి కింద చెయ్యి పెట్టాక గాని నేను ఏం విన్నానో, ఏమన్నానో నా బుర్రకెక్కలేదు. దోసిలి పట్టి నీళ్ళు తాగి చూశాను. కంపు రావాలని కోరుకున్నాను. రాలేదు. నీళ్ళు చక్కగా, చల్లగా ఉన్నాయి. నా నోటిని చూసుకుంటే నాకే రోత పుట్టింది అప్పుడు.

అప్పుడైనా మేడంకి ఫోన్ చేశాను. నీళ్ళు చూడమని చెప్పాను. ఆమె అప్పటికే ఆస్పత్రిలో ఉంది. సాయంత్రానికి ఎవరో మేడెక్కి ట్యాంకు మూత తీశారు. మూత ఒక పక్క పగిలి ఉందట. లోపల రెండు పావురాలు. చచ్చి ఎన్నాళ్ళైందో, ఈకలన్నీ విడిపోయి నీళ్ళలో కలిసిపోయాయట. హారిక ఫోటో పంపింది. నల్లటి ట్యాంకు, పైన మట్టిరంగు తెట్టు, తెట్టు నిండా బూడిద రంగు నూగు. మా ఆయన ఫోటో చూసి, ఫోను నా చేతికిచ్చి, బయటికెళ్ళి మెట్టు మీద కూర్చున్నాడు.

జట్టులో ఏడుగురు మంచాన పడ్డారు. ఆరుగురు మూడు రోజుల్లో తేరుకున్నారు. శిరీషకి ఒంట్లో నీరంతా పోయి కిడ్నీలు దెబ్బతిన్నాయి. రెండుసార్లు డయాలసిస్ చేశారు. హారికకి ఒక పూట కడుపునొప్పి వచ్చి తగ్గింది.

శిరీష వాళ్ళ నాన్న రైలెక్కాడు. సామ్రాజ్యం శనివారం ఉదయాన్నే మా అంగడికి వచ్చింది. అక్కడి డాక్టర్లతో మాట్లాడాలంటే హిందీ రాదు, ఆయన రైల్లో ఉన్నాడు, మేడం ఫోన్ కలవడం లేదు. పిల్ల కబురు తెలియాలంటే హారిక ఫోనొక్కటే దిక్కు. రోజంతా మా బల్ల మీద కూర్చుంది. అన్నం పెడితే రెండు ముద్దలు తిని వదిలేసింది.

"మీ పిల్లకేం కాలా గదక్కా, దేవుడు చల్లగా జూశాడు" అంది. మనస్ఫూర్తిగానే అంది. "మా పిల్ల పక్కనే ఉండమని చెప్పక్కా. హారికుంటే అది భయపడదు."

నేను ఆమెకు నీళ్ళు ఇచ్చాను. ఆమె గ్లాసెత్తి తాగుతుంటే చూడలేక లోపలికి వెళ్ళిపోయాను.

ఎవరూ చెప్పకుండానే హారిక అక్కడే ఉండిపోయింది. జట్టు వెనక్కి వచ్చేసినా అది రాలేదు. మేడంతో పాటు ఎనిమిది రోజులు ఆస్పత్రిలో శిరీష దగ్గరే ఉంది. రోజూ ఫోన్ చేశాను. తిన్నావా అంటే తిన్నాననేది. ఇంకేమీ మాట్లాడేది కాదు.

ఇంటికొచ్చిన రోజు స్నానం చేసి వచ్చి, తల తుడుచుకోకుండానే వంటింట్లో నా ఎదురుగా నిలబడింది.

"సీసా ఎందుకు కొంటున్నవని శిరీష అడిగింది. మా అమ్మ చాదస్తమని నవ్వా. అదీ నవ్వింది" అంది. "నీకు తెలిసే చెప్పావా?"

జరిగిందంతా చెప్పాను. ఈకల సంగతి, సీసా సంగతి, ఫోన్లో గుటకల సంగతి. కళ్ళార్పకుండా వింది.

"నీకు తెలియకపోతే నాకెందుకు చెప్పావ్? తెలిస్తే వాళ్ళకెందుకు చెప్పనియ్యలా?"

నా దగ్గర సమాధానం ఉంది గాని, అది పిల్లకు చెప్పే సమాధానం కాదు. అయినా దానికి అర్థమైందనుకుంటాను. ఖోఖో ఆడే పిల్ల, తొమ్మిది మంది లెక్క దానికి తెలియదా? ఆ తర్వాత చాలా రోజులు నేను కలిపి పెట్టిన ముద్ద తినలేదు. తనే పెట్టుకుని తినేది.

నరసరావుపేటలో ఒక డాక్టరుకి చూపించుకున్నాను. పిల్ల దూరం వెళ్ళిందన్న దిగులుకి నాలుక అట్లా చేస్తుందన్నాడు. లేని రుచులు తెలుస్తాయట, లేని వాసనలు వస్తాయట. మరి ఈకలు అన్నాను. నవ్వి, మాత్రలు రాశాడు. మూడో ఈక మా ఆయన దాచాడు. సన్నటి ప్లాస్టిక్ కవర్లో బీరువాలో ఉంది. ఎవరికైనా చూపిస్తే పావురం ఈక అంటారు. పావురం ఈకే. అది ఎక్కడిదన్నది ఎవరూ చెప్పలేరు.

నెల తిరిగాక దుర్గి వెళ్ళాను. మాచర్లలో బస్సు మారి, క్యారియర్ నిండా వండుకుని వెళ్ళాను. ఇంటి ముందు పాకలో శిరీష వాళ్ళ నాన్న ఉలితో పని చేసుకుంటున్నాడు. సగం చెక్కిన నందికి వీపు తేలింది గాని ముఖం ఇంకా లేదు. ముందు గదిలో శిరీష నులకమంచం మీద పుస్తకం పెట్టుకుని కూర్చుంది. పిక్కలు కరిగిపోయి పుల్లల్లా ఉన్నాయి. ఏడాది దాకా పరుగు మాట ఎత్తొద్దన్నారట డాక్టర్లు. నన్ను చూసి ముఖమంతా నవ్వు.

"దోసకాయ పప్పు తెచ్చారా ఆంటీ?"

తెచ్చానన్నాను. క్యారియర్ తీసుకుని సామ్రాజ్యం వెంట పెరట్లోకి వెళ్ళాను. దాన్ని గట్టు మీద పెట్టి, అక్కడే నిలబడి మొత్తం చెప్పాను. ఈకలతో ఆపలేదు. ఫోన్లో అన్న మాట కూడా చెప్పాను. ఎందుకన్నానో కూడా చెప్పాను.

ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. అయ్యాక చెంగు దించి నడుముకి దోపుకుంది.

"నీ నోట్లో ఈకలొచ్చినయ్యంటే నమ్ముతానక్కా" అంది. "ఎవరికి ఏం జూపిస్తాడో దేవుడు, మనకేం తెలుసు? రెండోది అబద్ధమని చెప్పు. మా పిల్లకి చెప్పొద్దన్నావే, అది అబద్ధమని చెప్పు."

నేను తల దించుకున్నాను.

"చెప్పక్కా. ఒక్క మాట. నేను నమ్ముతా."

చెప్పలేకపోయాను. అప్పటికే ఒకసారి హారిక నోరు మూయించి చూశాను, దానివల్ల ఏమైందో ముందు గదిలో మంచం మీద ఉంది. సామ్రాజ్యం క్యారియర్ తీసి, మూత కూడా తెరవకుండా, నా చేతికిచ్చింది. గట్టిగా కూడా మాట్లాడలేదు.

"బస్సుకి టైమైందని ఆంటీ ఎల్లిపోయిందని శిరీషకి చెప్తాలే. ఇంక రాబాక."

వెనక దడి పక్కగా బయటికి నడిచాను. మాచర్ల బస్సులో ఆ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పప్పు వాసన వస్తోంది. నా చేతి వంట వాసనకి నాకు డోకు రావడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి రుచైనా చూడకుండా పారబోశాను.

ఇంతకీ అది ఏమిటని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. అంత దూరాన నా కూతురు తాగుతున్న నీళ్ళు నా నోట్లోకి ఎట్లా వచ్చాయో తెలియదు. పదకొండు మంది తల్లులకి రానిది నాకే ఎందుకు వచ్చిందో తెలియదు. సామ్రాజ్యానికి వచ్చి ఉంటే ఆమె పన్నెండు మందికీ చెప్పేది. ఇది మాత్రం తెలుసు. మా అమ్మ ఉండి ఉంటే ఏదో ఒక పేరు పెట్టేదే. నేను ఏ పేరూ పెట్టలేకపోతున్నాను. ఆ తర్వాత మళ్ళీ ఒక్కసారి కూడా రాలేదు.

పోయిన నెలలో హారిక మళ్ళీ వెళ్ళింది. ఈసారి శిక్షణ శిబిరం, ఇంకా దూరం. వద్దనడానికి నాకు నోరు రాలేదు. బస్టాండులో బ్యాగు భుజానికి తగిలించుకుని, ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"నువ్వు ఫోన్ చేస్తే స్పీకర్లో పెడతా. చెప్పేదేదో అందరికీ చెప్పు."

అన్నట్టే చేసింది. చేరిన రోజు సాయంత్రం ఫోన్ చేస్తే, ముందు గదిలో గోల వినిపించింది, తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. నా కోసం ఫోను మధ్యలో పెట్టారని తెలిసింది. ఎవరెవరున్నారో, ఏ ఊరి పిల్లలో నాకు తెలియదు. ఏం మాట్లాడాలో తోచక నీళ్ళు ఎట్లా ఉన్నాయని అడిగాను.

"బాగున్నయ్ ఆంటీ" అన్నాయి పది గొంతులు.

నా నోట్లో ఏ రుచీ లేదు. అయినా ఆగి, గొంతు సవరించుకుని చెప్పాను.

"కాచిన నీళ్ళే అడగండమ్మా. ట్యాంకు మూత ఒకసారి తీయించి చూడండి. అందరూ వింటున్నారా?"